రేడియో అన్నయ్య పోయిన రోజు మన పేటల్లో

1984 ఫిబ్రవరి 24న న్యాయపతి రాఘవరావు చనిపోయారు. ఆ పేరు చెబితే ఈనాడు చాలామంది గుర్తుపట్టరు. ‘రేడియో అన్నయ్య’ అంటే మాత్రం డెబ్భై దాటిన చదువుకున్న పెద్దల ముఖాలు విచ్చుకుంటాయి. ఆయన భార్య కామేశ్వరి ‘రేడియో అక్కయ్య’. ఆమె అంతకు ముందే, 1980లో కన్నుమూసింది. వాళ్ళిద్దరూ మద్రాసులో, ఆ తర్వాత హైదరాబాదులో కొన్ని దశాబ్దాల పాటు తెలుగు పిల్లలకు పాటలు నేర్పారు, నాటకాలు వేయించారు, కథలు చెప్పించారు.

బద్వేలు చుట్టుపక్కల మన ఎరుకల, యానాది, సుగాలి పేటల్లో పెద్దవాళ్ళను నేను ఆ పేరు అడిగి చూశాను. ఒక ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, “రేడియో అన్నయ్యనా? ఏ ఊరాయప్ప?” అని తిరిగి నన్నే అడిగింది. మిగతావాళ్ళూ అంతే. ఒక తరం తెలుగువాళ్ళు సొంత అన్నను పోగొట్టుకున్నట్టు బాధపడిన చావు మన పేటల దాకా రాలేదు. ఆయన గొంతే ఇక్కడికి రాలేదు కాబట్టి చావు కబురు రాకపోవడంలో వింత లేదు. ఆ గొంతు ఎందుకు రాలేదు, ఆ కాలంలో మన పిల్లలను ఎవరు నవ్వించారు, వాళ్ళు పోయినప్పుడు ఎవరు ఏడ్చారు అన్నవే ఈ వ్యాసంలో నేను చూడదలచిన సంగతులు.

ముందు ఆయన గురించి చెప్పుకోవాలి. రాఘవరావు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. మద్రాసులో ఆకాశవాణి కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది. అక్కడ తెలుగు పిల్లల కార్యక్రమం ఈ దంపతుల చేతికి వచ్చింది. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో ‘బాల’ అనే పిల్లల మాసపత్రిక తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు చేరి అక్కడ సంఘాన్ని నడిపారు. హైదరాబాదు కేంద్రం నుంచి వచ్చిన ‘బాలానందం’ పేరు వింటే ఆ తరం వాళ్ళకు ఇప్పటికీ పిల్లల గుంపు కేకలే గుర్తొస్తాయి.

ఆయన పద్ధతిలో ఒక విశేషం ఉంది. పెద్దవాళ్ళు మైకు ముందు కూర్చుని పిల్లలకు నీతులు చెప్పి లేచిపోవడం ఆయనకు నచ్చలేదు. పిల్లలనే మైకు ముందుకు తెచ్చారు. పాడేది పిల్లలు, నాటకంలో రాజూ బంటూ పిల్లలే. ‘బాల’ పత్రికలోనూ పిల్లలు రాసింది వేశారు, గీసింది వేశారు. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ అచ్చయింది 1945లో, ఆ ‘బాల’లోనే. అప్పటికి ఆయన బడిపిల్లవాడు. బాపు బొమ్మలు తొలిరోజుల్లో కనిపించిందీ అక్కడే. తర్వాత ఆ ఇద్దరి చేతుల మీదుగా ‘బుడుగు’ వచ్చాడు. అన్నయ్య ఒక పిల్లవాడికి ఒక పేజీ ఇస్తే ఆ పిల్లవాడు పెరిగి తెలుగు పిల్లలందరికీ బుడుగును ఇచ్చాడు. ముళ్ళపూడి 2011లో పోయారు. ఆ తేదీ కూడా ఫిబ్రవరి 24.

పిలుపు సంగతి కూడా గమనించాలి. లండన్‌లో బీబీసీ 1922లో పిల్లల కార్యక్రమం మొదలుపెట్టింది. 1964 దాకా నడిచింది. అక్కడ కార్యక్రమం నడిపేవాళ్ళను పిల్లలు అంకుల్, ఆంటీ అని పిలిచేవారు. అంటే బాబాయి, మామయ్య, అత్తయ్య వరస. కొంచెం దూరం, కొంచెం భయం ఉండే వరస. మన తెలుగులో ఆ పిలుపు అన్నయ్య, అక్కయ్య అయింది. అన్న మన కంచంలోంచే ముద్ద తీసుకుంటాడు. మనల్ని కొడతాడు, మనకోసం ఊరి పిల్లలతో కొట్లాడతాడు. అక్క మన జడ వేస్తుంది. ఇంట్లో పెద్దలకు, పిల్లలకు నడుమ నిలబడేది వాళ్ళే. ముఖం కనిపించని ఒక మనిషికి ఆ వరస ఇవ్వడం చిన్న విషయం కాదు. తెలుగులో వరస కలిపితే బాధ్యత కూడా వస్తుంది. అన్న చనిపోతే మైల పట్టాలి, ఏడవాలి, పదిమందితో చెప్పుకోవాలి. రేడియోలో వరస కలిసిన అన్నకు ఈ తంతు ఏదీ లేదు. వినేవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని బాధపడాలి.

పిల్లలను నవ్వించే మనిషి చావులో ఇంకో చిక్కు ఉంది. అతను పోయేసరికి అతను నవ్వించిన పిల్లలు పెద్దవాళ్ళయి ఉంటారు. 1940లో పదేళ్ళున్న పిల్లవాడికి 1984లో యాభై నాలుగేళ్ళు. ఆఫీసులో ఫైలు ముందు కూర్చుని పేపరులో ఆ వార్త చదివి ఉంటాడు. పక్క కుర్చీలోని మనిషికి చెప్పుకోలేని దుఃఖం అది. ఏ రాజకీయ నాయకుడో పోతే ఆఫీసుకు సెలవిస్తారు. నీకు ఎనిమిదేళ్ళప్పుడు పాట నేర్పిన గొంతు ఆగిపోతే సెలవు అడగడానికి నోరు రాదు.

ఇక నిజంగా పిల్లలుగా ఉన్నవాళ్ళకు ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి? ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న సంఘటన అన్నయ్య పోవడానికి మూడు నెలల ముందే అమెరికాలో జరిగింది. అక్కడ ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో మిస్టర్ హూపర్ అనే అంగడాయన పాత్ర ఉండేది. ఆ వేషం వేసిన నటుడు విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయాడు. కార్యక్రమం నడిపేవాళ్ళు ఇంకొకరిని తెచ్చి ఆ వేషం కట్టించలేదు. ఊరెళ్ళాడని చెప్పలేదు. 1983 నవంబరు 24న ఒక భాగం చూపించారు. అందులో అమాయకంగా ఉండే పెద్ద పసుపు పక్షి అందరి బొమ్మలూ గీసుకొచ్చి పంచుతుంది. హూపర్ బొమ్మ చేతిలో మిగిలిపోతుంది. ఆయన చనిపోయాడని, చనిపోయినవాళ్ళు తిరిగిరారని పెద్దవాళ్ళు ఆ పక్షికి చెబుతారు. కళ్ళనీళ్ళు పెట్టుకునే చెబుతారు. లక్షలాది పిల్లలు ఆ మాట విన్నారు. పిల్లల దగ్గర చావును దాచిపెట్టడం కంటే వాళ్ళతో కలిసి బాధపడడం మంచిదని ఆ కార్యక్రమం తేల్చింది.

రేడియో అన్నయ్యకు సంఘం ఉంది, పత్రిక ఉంది, అచ్చయిన చరిత్ర ఉంది. అందుకే ఆయన చావుకు తేదీ ఉంది. ఇప్పుడు అదే కాలంలో మన పిల్లలు ఎక్కడున్నారో చూద్దాం.

1938లో మద్రాసు కేంద్రం నుంచి పిల్లలను పిలిచే గొంతు మొదలైనప్పుడు కడప, కర్నూలు జిల్లాలు ఆ మద్రాసు రాష్ట్రంలోనివే. అదే రాష్ట్రంలో అప్పుడు నేరస్థ జాతుల చట్టం అమలులో ఉంది. 1871లో తెల్లదొరలు తెచ్చిన ఆ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలవాళ్ళ గుంపులు ఆ జాబితాకెక్కాయి. రిజిస్టరులో పేరెక్కినవాడు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. 1911 చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. అవసరమనుకుంటే ఆ జాతుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఒకే రాష్ట్రంలో, ఒకే సంవత్సరంలో, ఒక గొంతు పిల్లలను ముద్దుగా రమ్మని పిలుస్తోంది, ఒక కాగితం పిల్లలను అమ్మ ఒడిలోంచి తీసుకుపోవచ్చని చెబుతోంది. ఆ పిలుపు మన పిల్లలకు చేరలేదు. ఆ కాగితం చేరింది.

ఇందులో రాఘవరావుగారి తప్పేమీ లేదు. ఆయన మైకు ముందు కూర్చున్న మనిషి, మైకు పెట్టిన ప్రభుత్వం వేరు. ఆయనకు మన పేటల్లో పిల్లలుంటారని తెలిస్తే వాళ్ళనూ రమ్మనేవారనే నా నమ్మకం. కానీ మైకు ఉన్న ఊరికి, వినే ఊరికి నడుమ ఎన్నో గోడలున్నాయి. రేడియో కొనాలి. కొన్నాక ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి. లైసెన్సు రాయడానికి ఇంటి చిరునామా ఉండాలి. ఈతాకుల గుడిసె వేసుకుని బుట్టలు అల్లుకునే కుటుంబానికి, పందులు తోలుకుని ఊరూరూ తిరిగే కుటుంబానికి చిరునామా ఏది?

కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. అప్పటికి పంచాయతీ రేడియోలు కూడా వచ్చాయి. పెద్ద ఊళ్ళో పంచాయతీ ఆఫీసు గోడ మీద మైకు పెట్టి సాయంత్రం పెట్టేవాళ్ళు. ఊరి నడుమ రచ్చబండ దాకా ఆ గొంతు వినిపించేది. మన పేట ఊరికి ఎడంగా, చెరువు కట్ట దిగువన, లేకపోతే గుట్ట పక్కన ఉంటుంది. గాలి ఇటు తిరిగితే ఏదో పాట ముక్క వచ్చేదని, లేకపోతే లేదని పెద్దలు చెబుతారు. రచ్చబండ దగ్గరికి పోయి కూర్చుని వినే ధైర్యం ఎవరికుంది? పోయిన పిల్లలను లేచి పొమ్మన్న ఊళ్ళూ ఉన్నాయి.

అలాగని మన పిల్లలు నవ్వకుండా పెరగలేదు. మనకూ అన్నలూ అక్కలూ ఉన్నారు. వాళ్ళు రేడియోలో లేరు, అంతే.

మొదటి మనిషి జేజి. ఇంటి ముందు చాప వేసి, చలికాలం మంట వేసి, పగలంతా పనికి పోయి వచ్చిన ఒళ్ళు నొప్పులతోనే కథ చెప్పేది. ఎరుకల ఇళ్ళలో ఆ కథలు కుర్రు భాషలో నడిచేవి. సుగాలి తండాల్లో గోర్ బోలీలో నడిచేవి. నక్క గొంతు వేరు, పులి గొంతు వేరు, షావుకారు గొంతు వేరు పెట్టి చెప్పే జేజి ఒక్కతే పది వేషాలు కట్టిన ఆటగత్తె. ఊళ్ళోకి ఎరుక చెప్పడానికి పోయినప్పుడు గంభీరంగా మాట్లాడే అదే మనిషి ఇంట్లో పిల్లల ముందు కోతిలా గెంతేది.

రెండో మనిషి బొమ్మలాట ఆయన. రాయలసీమలో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు ఇంట్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడుకుంటాయి, తెర వెనక్కి పోతే తెలుగులో రామాయణ భారతాలు ఆడతాయి. మేకతోలు పదును చేసి, గీసి, తొలిచి, రంగులు వేసి, వెనక దీపం పెట్టి తెర మీద ఆడిస్తారు. రాత్రంతా ఆట. పెద్దలకు రాముడు, రావణుడు. పిల్లలు కాచుకుని కూర్చునేది జుట్టుపోలిగాడి కోసం, బంగారక్క కోసం, కేతిగాడి కోసం. యుద్ధం మధ్యలో వాళ్ళు వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఊళ్ళో పెద్దమనుషులను ఎగతాళి చేస్తారు. ఆ ఆట ఊరి బయట మైదానంలో జరిగేది. అందుకని పేట పిల్లలు కూడా తెరకు అటుపక్కనో ఇటుపక్కనో కూర్చుని చూడగలిగేవాళ్ళు. మన పిల్లలకు టిక్కెట్టూ లైసెన్సూ లేకుండా దొరికిన ఆట అది.

ఇంకా పగటివేషాలవాళ్ళు, గంగిరెద్దులవాళ్ళు, కోతిని ఆడించేవాళ్ళు, గడ ఎక్కి దొమ్మరాట ఆడేవాళ్ళు. వీళ్ళంతా కాళ్ళమీద బతికినవాళ్ళు. ఒక ఊళ్ళో వారం, ఇంకో ఊళ్ళో పది రోజులు. ఏ ఊరికీ వాళ్ళు సొంతం కాదు. అందుకే ఏ ఊళ్ళోనూ వాళ్ళ చావు నమోదు కాలేదు. ఆటగాడు ఏ చింతచెట్టు కింద జ్వరంతో పోయాడో, ఏ ఊరి స్మశానంలో చోటు అడుక్కుని పూడ్చారో ఎవరికీ తెలియదు. పిల్లలకు తెలిసేది ఒక్కటే. ఈ ఏడు ఆ మనిషి రాలేదు.

మా బడిలో కొన్నేళ్ళ కిందట జరిగింది చెబుతాను. తిరునాళ్ళకు ఏటా ఒక ముసలాయన వచ్చేవాడు. తోలుబొమ్మల మేళం ఎప్పుడో చెదిరిపోయింది. ఆయన దగ్గర మిగిలింది నాలుగైదు బొమ్మలే. తెర లేదు, దీపం లేదు. పట్టపగలే పోలిగాడి బొమ్మను చేతిలో ఊపుతూ మాటలు చెప్పి పిల్లలను నవ్వించి, ఇచ్చిన చిల్లర తీసుకుని పోయేవాడు. ఒక ఏడు రాలేదు. తర్వాతి ఏడూ రాలేదు. మూడో తరగతి పిల్ల ఒకతి అడిగింది, “ఆయప్ప యాడికి పోయినాడు సార్? ఎందుకు రాల్యా?” నేను ఆయన ఊరు కనుక్కుని ఫోన్ చేయించాను. చనిపోయాడని తెలిసింది. బడిలో ఆ సంగతి చెప్పాను. పిల్లలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్లవాడు, “మరి పోలిగాడు ఎవురి దగ్గర ఉండాడు సార్?” అన్నాడు.

ఆ ప్రశ్నలో దుఃఖమంతా ఉందని నాకు అనిపించింది. మనిషి పోయాడని పిల్లవాడు ఒప్పుకున్నాడు. మనిషి చేతిలో ఉన్నది ఎవరికి చేరిందన్నదే వాడి దిగులు. రేడియో అన్నయ్య విషయంలో ఆ ప్రశ్నకు జవాబుంది. ఆయన చేతిలో ఉన్నది బాలానంద సంఘానికి చేరింది, ముళ్ళపూడికి చేరింది, బాపుకు చేరింది. ‘రేడియో అక్కయ్య’ అన్న పిలుపు కూడా హైదరాబాదు కేంద్రంలో తర్వాత పిల్లల కార్యక్రమాలు నడిపిన తురగా జానకీరాణికి చేరింది. ఆమె 2014లో పోయినప్పుడు ఇంకో తరం తమ అక్కయ్య పోయిందని బాధపడింది. ఒకరి నుంచి ఒకరికి అందించుకునే దారి ఉంది కాబట్టి అక్కడ దుఃఖానికి కూడా ఒక వారసత్వం ఉంది. మన పోలిగాడి బొమ్మ ఎవరి దగ్గర ఉంది?

కొన్ని చేతులు మనవైపు చాపినవీ ఉన్నాయి. అవి మరచిపోకూడదు. చింతా దీక్షితులు తెలుగు పిల్లలకు సూరి, సీతి, వెంకి కథలు రాసినవాడు. ఆయనే ‘సుగాలీ కుటుంబం’ అనే కథ కూడా రాశాడు. పిల్లల లోకం చూడగల కన్ను గుడిసె లోపలికి కూడా చూసింది. మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ మొదలుపెట్టాడు. మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టం రద్దయింది కూడా 1947లోనే. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. ఎరుకల పిల్లవాడు చట్టం కళ్ళలో దొంగ కాకుండా పోయిన ఏడూ, తెలుగు పిల్లల చేతికి చందమామ వచ్చిన ఏడూ ఒకటే. చందమామ ఎన్నో భాషల్లోకి పోయింది. కొంతకాలం సంతాలీ భాషలో కూడా వచ్చింది. అంటే ఆదివాసీ భాషలో పిల్లల పత్రిక వేయవచ్చునని కడప బిడ్డ మొదలుపెట్టిన సంస్థే చూపించింది. కుర్రు భాషలోకి, గోర్ బోలీలోకి మాత్రం అది రాలేదు.

నాగిరెడ్డి 2004లో పోయారు. విక్రమార్కుడు భుజాన శవం వేసుకుని నడిచే బొమ్మ గీసిన శంకర్ 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో పోయారు. పెద్దవాళ్ళు తమ దగ్గరున్న పాత చందమామలు తీసి చూసుకున్నారు. చూసుకోవడానికి వాళ్ళకు పుస్తకం ఉంది. దుఃఖపడడానికి కూడా చేతిలో ఒక వస్తువు ఉండాలి. అన్నయ్య అభిమానులకు పాట గుర్తుంది, సంఘం భవనం ఉంది. మనకు జేజి కథ గొంతులోనే ఉండి గొంతుతోనే పోయింది.

2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో ఆదివాసీ భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. ఎనిమిది భాషలు తీసుకున్నారు. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. ఆ జాబితాలో ఎరుకల భాష లేదు. ఆ పుస్తకాలు తయారయ్యేటప్పుడు పెద్దలను కూర్చోబెట్టి పాటలు, కథలు రాసుకున్నారు. జాబితాలో లేని భాషల జేజులను అడిగినవాళ్ళు లేరు. అడగకుండానే ఆ తరం వెళ్ళిపోతోంది. ఇంట్లో కుర్రు మాట్లాడే పిల్లలు మా బడిలో ఏటికేడు తగ్గుతున్నారు. పిల్లలను నవ్వించే మాటలే భాషలో ముందు పోతాయని నాకు అనిపిస్తుంది. తిట్లు ఉంటాయి, బేరాల మాటలు ఉంటాయి, చావు మాటలు ఉంటాయి. నక్క గొంతు, పులి గొంతు మొదట మాయమవుతాయి, ఎందుకంటే వినే పిల్లవాడు ఫోనులోకి తల దించాడు.

తోలుబొమ్మల విషయంలో ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చింది. సంతోషమే. అదే ఊళ్ళో చాలా కుటుంబాలు ఇప్పుడు తోలు మీద దీపాల తొడుగులు, గోడ అలంకారాలు చేసి అమ్ముకుని బతుకుతున్నాయి. తోలు పని నిలబడింది. ఆట మాత్రం పిల్లల ముందుకు రావడం తగ్గింది. బొమ్మ గోడకు వేలాడుతుంది, మాట్లాడదు.

అందుకని నేను ఈ పుస్తకం చదివే టీచర్లకు, మన యువకులకు ఒక మాట చెప్పదలచుకున్నాను. రేడియో అన్నయ్య వినిపించలేదని మనం అలిగి కూర్చోవద్దు. ఆయన మనకూ అన్నయ్యే. ఆయన పనిని మన బడిలో చేసినప్పుడు ఆ వరస నిజమవుతుంది. ఆయన చేసిన పని పిల్లవాడి ముందు మైకు పెట్టడం. ఇప్పుడు మైకు ప్రతి ఇంట్లో ఉంది. చేతి ఫోనులో రికార్డు మీట నొక్కితే చాలు. పోస్టాఫీసులో లైసెన్సు అక్కరలేదు.

ఫిబ్రవరి 24న మన బడుల్లో ఒక గంట కేటాయిద్దాం. అన్నయ్య, అక్కయ్యల గురించి పిల్లలకు చెబుదాం. ముందు రోజు పిల్లలకు ఒక పని ఇద్దాం. “మీ ఇంట్లో అందరికంటే బాగా నవ్వించింది ఎవరు? వాళ్ళ పేరు రాసుకుని రండి” అని. ఆ మనిషి బతికుంటే పిల్లవాడే పోయి కథ చెప్పించుకుని ఇంటి భాషలోనే రికార్డు చేయాలి. చనిపోయి ఉంటే ఎప్పుడు పోయారో అడగాలి. తేదీ దొరక్కపోవచ్చు. “చెరువు అలుగు పారిన ఏడు”, “పెద్ద కరువొచ్చిన ఏడు”, “నీ అమ్మ పెళ్ళయిన ఏడు” అని చెబుతారు. అలాగే రాయాలి. అది కూడా చరిత్రే. ఏ ఊరి మనిషి, ఏ ఆట ఆడేవాడు, ఏ కథ ఎక్కువ చెప్పేది, ఎవరికి నేర్పింది అన్నవి నాలుగు ముక్కలు రాస్తే చాలు.

పిల్లలు చావు గురించి అడిగితే దాచవద్దు. ఆయన చనిపోయాడు, ఇక రాడు అని చెప్పాలి. ఆ తర్వాత పోలిగాడు ఎవరి దగ్గర ఉన్నాడని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. దానికి చెప్పడానికి మన దగ్గర ఒక జవాబుండాలి. మా బడిలో ఇప్పుడు ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం ఉంది. అందులో పదిహేడు పేర్లున్నాయి. మొదటి పేజీలో ఆ ముసలాయన ఊరు, ఆయన ఆడించిన బొమ్మల పేర్లు ఒక మూడో తరగతి పిల్ల రాసింది. కొన్ని అక్షరాలకు ఒత్తులు తప్పుగా పడ్డాయి. దిద్దకుండా అలాగే ఉంచాను.